బిళ్ళలు ఎక్కడికి పోతున్నాయి?

కుట్టుపని జరిగే ఆ పొడవాటి హాల్లో ఆమె అసలు పేరు తెలిసినవాళ్ళు తక్కువ. అందరికీ గీతలక్క. బడిపిల్లల యూనిఫారాలు కుట్టే చోటు అది. బల్ల మీద నీలం గుడ్డను పొర మీద పొరగా పరిచి, పై పొర మీద అట్ట నమూనా పెట్టి, దాని చుట్టూ సుద్దబిళ్ళతో గీత గీయడం ఆమె పని. ఆ గీత వెంబడే కోత మిషను నడుస్తుంది. గీత పక్కకు పోయిందంటే కింది పొరలన్నీ పక్కకు పోయినట్టే. "మన తలరాత బ్రహ్మ రాస్తే, నిక్కర్ల తలరాత గీతలక్క రాస్తుంది" అని మిషన్ల దగ్గరివాళ్ళు నవ్వేవారు. ఆమె కూడా నవ్వేది. ఆ బల్ల దగ్గర ఆమెకు ఎవరూ అడ్డం రారు. బతుకులో తనదంటూ ఉన్న చోటు అదొక్కటే.

కట్టుకున్నవాడు వేరే ఊళ్ళో వేరే సంసారం పెట్టుకున్నాడు. పోట్లాట లేదు, పంచాయితీ లేదు. పనికని వెళ్ళినవాడు పని దొరికిన చోటే ఉండిపోయాడు. పిల్లలు లేరు. ఉన్న ఒక్క తమ్ముడూ అప్పుడప్పుడూ ఫోన్ చేసి, "ఏంటక్కా, గొంతు అలా ఉంది, ఇప్పుడే లేచావా?" అని అడుగుతాడు. ఎప్పుడు చేసినా అదే ప్రశ్న. ఆమె ప్రతిసారీ, అవున్రా, ఇప్పుడే కళ్ళు తెరిచాను అని చెప్పేది. లేచి చాలాసేపయిందనీ, గొంతులోకి మాట రావడానికే ఊపిరి చాలడం లేదనీ చెప్పాలంటే ఆ మాటలకు మళ్ళీ ఊపిరి కావాలి.

ఉండేది మేడ మీద ఒంటిగది. కింద ఇంటావిడ ఉంటుంది. మెట్లు మధ్యలో ఒక చోట మలుపు తిరుగుతాయి. ఆ మలుపు దగ్గర గీతలక్క గుండె దడదడలాడేది, చెవుల్లో హోరు పుట్టేది. ఆగితే కిందావిడ చూస్తుంది. అందుకని అక్కడ నిలబడి సంచిలో తాళంచెవి వెతుకుతున్నట్టు నటించడం అలవాటు చేసుకుంది. తాళంచెవి కొంగుకే కట్టి ఉండేది.

"మళ్ళీ పోయిందా చెవి? దానికో గంట కట్టుకోమ్మా" అనేది ఇంటావిడ, కింది నుంచి.

"దొరికిందండీ" అని మిగిలిన మెట్లు ఎక్కేది.

ఆడమనిషి అలసటకు మనవాళ్ళు పెట్టని పేరు లేదు. బద్ధకం అంటారు, ఒళ్ళు బరువు అంటారు, వయసు మీద పడిందంటారు. జబ్బు అన్న మాట మాత్రం అందరి నోళ్ళూ తిరిగి తిరిగి ఆఖరుకు వస్తుంది, అదీ వస్తే. గీతలక్క కూడా తనను తాను బద్ధకస్తురాలి కింద జమకట్టుకుంది.

సుద్దబిళ్ళ మొదటిసారి నోట్లో వేసుకున్న రోజు వాన కురుస్తోంది. తడిసిన గోడ వాసన కిటికీలోంచి వస్తుంటే ఆమెకు నోరూరింది. అన్నం చూస్తే నోరూరి ఎన్నాళ్ళయిందో, గోడ వాసనకు ఊరింది. చేతిలో అరిగిపోయిన బిళ్ళముక్క ఉంది. గోరంత. ఎవరూ చూడకుండా నాలుక మీద పెట్టుకుంది. పంటికింద కరకరమని విరిగి, మెత్తగా పొడి అయి, అంగిలికి అతుక్కుంది. ఒళ్ళంతా చల్లబడినట్టయింది.

అప్పటి నుంచీ అరిగిన ముక్కలు పారేయడం మానేసింది. కొన్నాళ్ళకు ముక్కలు చాలలేదు. మూడు మూలల కొత్త బిళ్ళలు డబ్బాలోంచి తీసి రవికెలో దాచుకునేది. ఇంటికెళ్ళి తలుపు గడియ పెట్టుకుని, కాళ్ళు చాపుకుని, గోడకు ఆనుకుని తినేది. ఆ గదిలో ఆమె కోసం ఎదురుచూసేది ఏదైనా ఉందంటే అదే. మనిషి తోడు లేనివాళ్ళు పిల్లినో చిలుకనో పెంచుకుంటారు, తనేమో సుద్దను పెంచుకుందనుకునేది. అలా అనుకుని నవ్వు రాకపోతే భయపడేది. మట్టి తినే పిచ్చివాళ్ళ గురించి చిన్నప్పుడు విన్నది. తనూ ఆ వరసలోకి చేరింది కాబోలు.

అందుకే మధ్యాహ్నం అందరితో కలిసి తినడం మానేసింది. పెదవుల మీద తెల్లగా ఎవరికైనా కనిపిస్తే? తనకు పని ఉందని చెప్పి, గుడ్డ తానుల వెనక ఒక్కతే కూర్చుని, రెండు ముద్దలు మింగి డబ్బా మూసేసేది. కొన్నాళ్ళు పిలిచారు. తర్వాత పిలవడం మానేశారు. పిలుపు ఆగిపోయిందని ఎవరూ గమనించలేదు, ఆమె తప్ప.

ఆమె బల్లకు పక్కనే గుండీలు కుట్టే బల్ల. అక్కడ కూర్చునేదాన్ని అందరూ గుండీల వదిన అనేవారు. గీతలక్క కన్నా చిన్నదే. మొదటి రోజు ఎవరో ఎగతాళికి పిలిచిన పిలుపు అతుక్కుపోయింది. వరస కుదరదని తెలిసీ గీతలక్క కూడా వదినా అనే పిలిచేది, ఆమె తిరిగి అక్కా అనేది. ఇద్దరు బడికెళ్ళే పిల్లల తల్లి. నెమ్మదస్తురాలు. ఇద్దరి బల్లల మధ్య ఒక గట్టు, ఆ గట్టు మీద సుద్దబిళ్ళల డబ్బా. ఏళ్ళ తరబడి ఒకరికొకరు వీపు చేసి పని చేశారు.

డబ్బాలు తొందరగా ఖాళీ అవుతున్నాయని మేస్త్రి కనిపెట్టాడు. చెడ్డవాడేం కాదు. పైవాళ్ళు తనను అడిగేది కిందివాళ్ళను అడుగుతాడు, అంతే. ఒక పూట హాలు మధ్యలో నిలబడి ఖాళీ డబ్బా అందరికీ వినపడేలా బల్లకేసి కొట్టాడు.

"బిళ్ళలు ఎక్కడికి పోతున్నాయి?" అన్నాడు. "గీతలు అవే, గుడ్డ అదే. బిళ్ళలు మాత్రం కాళ్ళొచ్చి నడిచిపోతున్నాయా?"

మిషన్ల దగ్గరావిడ ఒకతె, పలకల మీద రాసుకునే పిల్లలు ఎవరింట్లో ఉన్నారో చూసుకుంటే సరి అంది, ఎవరి వంకా చూడకుండానే. చూడాల్సిన అవసరం లేకపోయింది. మేస్త్రి గుండీల బల్ల వైపు తిరిగాడు. ఈ యూనిఫారాలన్నీ బడులకు పంపేలోగా సంగతి తేలకపోతే ఆ బల్ల ఖాళీ అవుతుందన్నాడు.

వదిన కాదనలేదు. ఒట్టు పెట్టలేదు, ఏడవలేదు. తల వంచుకుని గుండీకి దారం ఎక్కిస్తూ కూర్చుంది. గీతలక్క తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయింది. నోట్లో అప్పటికింకా ఒక ముక్క కరుగుతోంది. మింగితే గొంతు కదులుతుంది, ఉమ్మితే తెల్లగా పడుతుంది. కత్తివాటుకు నెత్తుటిచుక్క లేదంటారే, ఆమె విషయంలో అది సామెత కాదు, లెక్కకు లెక్క నిజమే.

చెప్పేస్తే వదిన బల్ల నిలబడుతుంది, తన బల్ల పోతుంది. సుద్ద తినే పిచ్చిదాని చేతికి ఎవరు గుడ్డ అప్పజెపుతారు? రోజూ రేపు చెబుదామనుకునేది. పొద్దున్నే వదిన వచ్చి, వీపు తిప్పి కూర్చునేది. ఆ వీపుకు చెప్పడం ఇంకా కష్టంగా ఉండేది.

ఒకరోజు గీత గీస్తుండగా బల్ల పక్కకు ఒరిగింది. ఒరిగింది బల్ల కాదు. కళ్ళు తెరిచి చూసేసరికి తనే నేల మీద ఉంది, సుద్దగీత నిక్కరు కాలు దాటి, గుడ్డ అంచు దాటి, బల్ల చెక్క మీదికి పోయింది. మేస్త్రి గ్లాసుడు నీళ్ళిచ్చి, ఆస్పత్రికి పోయి చూపించుకుని గానీ రావద్దన్నాడు.

అంతకు ముందోసారి వెళ్ళింది. రక్తం తక్కువ అన్నారు. ఆ మాట ఆడవాళ్ళకు అక్కడ పలకరింపులాంటిది. బాగున్నావా అన్నట్టే రక్తం తక్కువ అంటారు, ఇనుము బిళ్ళలు చేతిలో పోస్తారు, తర్వాతి మనిషిని రమ్మంటారు. తక్కువైంది సరే, ఉన్నది ఎటు పోయిందని ఎవరూ అడగరు. బ్యాంకులో పైసా తేడా వస్తే తలుపులు మూసి వెతుకుతారు. ఆడదాని ఒంట్లో నెత్తురు తేడా వస్తే అది లోకరీతి.

ఈసారి ముందు పరీక్ష చేయాలన్నారు. రక్తం తీసే అతను సూది పట్టుకుని రాగానే గీతలక్క చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ఉన్నదే తక్కువంటిరి. అందులోంచి మళ్ళీ లాగుతారా?"

"గంగాళం అడగలేదమ్మా," అన్నాడతను, "చెంచాడు చాలు."

కాయితం వచ్చాక నర్సమ్మ లోపలికి పిలిచింది. నడివయసు మనిషి, కళ్ళజోడు ముక్కు మీదికి జారి ఉంది. గీతలక్క కంటి కింది రెప్ప లాగి చూసింది. నాలుక చాపమంది. చేతివేళ్ళు పట్టుకుని గోళ్ళు చూసింది. గోళ్ళు మధ్యలో గుంటపడి, చెంచాల్లా పైకి లేచి ఉన్నాయి. నర్సమ్మ కాయితం వైపూ మనిషి వైపూ మార్చి మార్చి చూసి, గొంతు కాస్త గట్టి చేసింది.

"ఇచ్చినవన్నీ అయిపోయాయంటావు. ఒంట్లో చూస్తే చుక్క పెరగలేదు. నిజం చెప్పమ్మా. బిళ్ళలు ఎక్కడికి పోతున్నాయి?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టయింది. మేస్త్రి ఇక్కడికి కూడా కబురు పంపాడనుకుంది. ఇన్నాళ్ళూ గొంతులో అడ్డం పడిన మాట ఒక్కసారిగా బయటికి దూకింది.

"నేనే తింటున్నానండీ. వదిన కాదు. వదిన ఒక్కటి కూడా ముట్టుకోలేదు. ఆవిణ్ణి ఏమీ అనొద్దని మేస్త్రిగారికి మీరైనా చెప్పండి."

నర్సమ్మ కళ్ళజోడు పైకి తోసుకుంది. "తినమనేగా ఇచ్చింది. మధ్యలో ఈ వదినెవరు?"

"ఆ బిళ్ళలు కాదండీ. తెల్లవి. గుడ్డ మీద గీసేవి."

గీతలక్క నవ్వు కోసం ఎదురుచూసింది. నవ్వు తర్వాత తిట్టు. రెండూ రాలేదు. నర్సమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుని, గొంతు తగ్గించి, "వాన పడితే గోడ వాసనకు నోరూరుతుందా?" అని అడిగింది.

ఆ ప్రశ్నకు గీతలక్కకు ఏడుపొచ్చింది. ప్రపంచంలో తన ఒక్కదానికే తెలుసనుకున్న సంగతి ఇంకో మనిషి నోట వినడం, ఎన్నో ఏళ్ళ తర్వాత ఎవరో అసలు పేరు పెట్టి పిలిచినట్టుంది.

అది పిచ్చి కాదని నర్సమ్మ చెప్పింది. ఒంట్లో ఇనుము అడుగంటితే కొందరికి ఇలాంటి తిండి మీదికి మనసు పోతుంది. ఒకరికి సుద్ద, ఒకరికి మట్టి, ఒకరికి పచ్చిబియ్యం, ఒకరికి ఐసుముక్క. పైగా సుద్ద చేసే పని ఏమిటంటే, బిళ్ళలోని ఇనుము ఒంటికి పట్టకుండా అడ్డుకుంటుంది. గీతలక్క ఇనుము బిళ్ళ వేసుకునేది టీతో. టీ కూడా అంతే. కావలివాళ్ళిద్దరినీ గుమ్మంలో నిలబెట్టి చుట్టాన్ని లోపలికి రమ్మన్నట్టు.

తర్వాత రక్తం సంగతి చెప్పింది. ఎముకల లోపల మూలుగలో రక్తకణాలు తయారవుతాయి. రెప్ప వేసేంతలో లక్షలు. ఒక్కొక్కటీ నాలుగు నెలలు ఒళ్ళంతా తిరిగి ఊపిరిలోని ప్రాణవాయువును మోసి, అరిగిపోతుంది. అరిగినదాన్ని విప్పి అందులోని ఇనుమును మళ్ళీ కొత్తదానికి వాడుకుంటుంది ఒళ్ళు, ఏదీ పారేయదు. ప్రాణవాయువు చాలకపోతే మూత్రపిండాలు ఇంకా కావాలని మూలుగకు కబురు పంపుతాయి. మూలుగ పని ఆపదు. సరుకు లేకపోయినా చేస్తుంది. అందుకే కణాలు చిన్నవిగా, పాలిపోయి వస్తాయి.

గీతలక్కకు తన హాలు కళ్ళ ముందు కనిపించింది. పైనుంచి ఆర్డరు మీద ఆర్డరు. గుడ్డ లేదు. మిషన్లు ఆపడానికి లేదు. ఏం చేస్తారు? పెద్దపిల్లల కొలతకు చిన్నపిల్లల నిక్కర్లు కుట్టి పంపుతారు, అదీ వెలిసిపోయిన గుడ్డతో. ఒంట్లో ఇన్నాళ్ళూ జరుగుతున్నది అదన్నమాట. తాను బద్ధకంగా కూర్చుందనుకున్నప్పుడల్లా ఎముకల లోపల ఎవరూ కూర్చోలేదు.

ఒళ్ళు ఇనుమును పారేయదు సరే, మరి ఉన్నది ఎటు పోతోంది? నర్సమ్మ అదీ అడిగింది. రక్తం తగ్గడానికి కారణం అందరికీ ఒక్కటే కాదంది. తిండిలో కొరత, కడుపులో పుండు, పేగుల్లో పురుగులు, పుట్టుకతో కణం తీరే వేరుగా ఉండటం, ఏదైనా కావచ్చు. అందరికీ ఒకే బిళ్ళ ఇచ్చి పంపడం తమ తప్పేనని కూడా అంది. నెలసరి ఎలా ఉంటుందని అడిగింది.

గీతలక్క ఎప్పటిలాగే మామూలే అనబోయి ఆగింది. కోతలో మిగిలిన నీలం పీలికలు ఇంటికి తెచ్చుకుని వాడుకుంటుంది. మందంగా, మడతలు మడతలుగా. రోజులు గడిచినా ఆగదు. ఎంత పోతోందో ఎప్పుడూ చూడలేదు. చూసినా తెలియదు. ముదురు నీలం మీద ఎరుపు కనపడదు. పిల్లల మరకలు కనిపించకూడదనే ఆ రంగు ఎంచారట. దానివల్ల ఆమె నెత్తురు కూడా కనిపించకుండా పోయింది.

స్కానులో గర్భసంచిలో గడ్డలు కనిపించాయి. ప్రాణం తీసేవి కావుగానీ, రక్తం పోగొట్టేవి. వాటికి మందు మొదలుపెట్టారు. నరంలోకి ఇనుము ఎక్కించారు. ముదురు కాఫీరంగు సీసా తలకిందులుగా వేలాడుతుంటే, పక్క మంచాల చుట్టూ చుట్టాలు మాట్లాడుకుంటుంటే, గీతలక్క చుక్కలు పడటం చూస్తూ పడుకుంది. తమ్ముడికి ఫోన్ చేసింది. వాడు పనిలో ఉన్నాడు. "నీరసానికి సెలైను పెట్టించుకున్నావా, మంచిదక్కా" అని పెట్టేశాడు.

హాలుకు తిరిగి వెళ్ళిన రోజు మేస్త్రి అందరి ముందూ కొత్త డబ్బాకు తాళం వేస్తున్నాడు. గుండీల వదిన సంచి సర్దుకుని ఉంది. గీతలక్క బల్ల దాకా నడిచింది. బల్ల అంచు పట్టుకుంది.

"మేస్త్రిగారూ, బిళ్ళలు నేను తిన్నాను."

"తిన్నావా? అంటే... నోటితోనా?"

"ముక్కుతో తింటారా మేస్త్రీ?" అని వెనక నుంచి ఎవరో అన్నారు. హాలంతా గొల్లుమంది. బల్ల మీద ఉప్పు కూడా పెట్టించమన్నారు. గుడ్డ తానులు లెక్క పెట్టుకోమన్నారు. గీతలక్క రక్తం గురించి, ఇనుము గురించి చెప్పబోయింది. నవ్వు మీదుగా మాట దాటలేదు. నవ్వినవాళ్ళలో సగం మంది కింది రెప్పలు లాగి చూస్తే పాలిపోయే ఉంటాయి. మన కష్టాన్నే ఎదుటివాళ్ళలో చూసి నవ్వే అలవాటు మనకు నేర్పినవాళ్ళెవరో గానీ, బాగా నేర్పారు.

మేస్త్రి నవ్వలేదు. తల గోక్కున్నాడు. వదినను సంచి కింద పెట్టమన్నాడు. గీతలక్కను ఒళ్ళు కుదుటపడేదాకా దారం కొసలు కత్తిరించే మూలకు మారమన్నాడు. గీతలు ఇంకొకరు గీస్తారు. బల్ల తిరిగి ఇస్తాడో లేదో చెప్పలేదు, ఆమె అడగలేదు. మధ్యాహ్నానికి ఆమె పేరు సుద్దక్క అయింది.

ఇనుము రెండోసారి ఎక్కించాక మెట్ల మలుపులో ఆగకుండా పైకి వెళ్ళిపోయింది. ఈరోజు చెవి దొరికిందన్నమాట అంది కింద ఇంటావిడ. గదిలోకి వెళ్ళి, ఎప్పుడో దాచిన ఒక బిళ్ళ ఉంటే తీసి నాలుక మీద పెట్టుకుంది. సుద్దలా ఉంది. వట్టి సుద్ద. ఉమ్మేసి నోరు కడుక్కుంది. సంతోషించాల్సిన సంగతే. కానీ గోడకు ఆనుకుని కూర్చున్నాక, ఇక గదిలో చేయడానికి ఏమీ లేదని తెలిసింది. ఉన్న ఒక్క తోడూ చెప్పకుండా వెళ్ళిపోయింది.

దారం మూలలో ఆమె దగ్గరికి ఎవరూ రాలేదు. గుండీల వదిన అసలే రాలేదు. ఎదురుపడితే కళ్ళు దించుకునేది. అన్నాళ్ళు నింద మోయించినందుకు ఆ మాత్రం కోపం న్యాయమేననుకుంది గీతలక్క.

ఒక మధ్యాహ్నం అందరూ అన్నాలకు లేచాక వదిన డబ్బా పట్టుకుని వచ్చి పక్కన కూర్చుంది. మూత తీయలేదు. చాలాసేపు నేల మీది దారపు కొసలు ఏరింది.

"నన్ను క్షమించు వదినా" అంది గీతలక్క. "నీ మీదికి వచ్చినప్పుడే నోరు విప్పాల్సింది."

వదిన తల అడ్డంగా ఊపింది. అటూ ఇటూ చూసింది. మాట పెదవులు దాటీ దాటనట్టు వచ్చింది.

"మీరొక్కరే తింటే అన్ని బిళ్ళలు పోవక్కా."

గీతలక్క ఆమె మొహం వైపు చూసింది. అన్నేళ్ళలో అంత దగ్గరగా చూడటం అదే మొదలు. పెదవులు బూడిదరంగులో ఉన్నాయి. నోటి మూలన, తుడిచినా పోని తెల్లటి చార. గోళ్ళు చెంచాల్లా ఉన్నాయి. ఆ రోజు మేస్త్రి అరిచినప్పుడు వదిన ఎందుకు కాదనలేదో ఇప్పుడు అర్థమైంది. డబ్బాకు అటువైపు ఒకతె, ఇటువైపు ఒకతె. వీపుకు వీపు చేసుకుని, ఒకే గుడ్డ పీలికలతో మూతులు తుడుచుకుంటూ, లోకంలో పిచ్చిది తానొక్కతేనని ఇద్దరూ ఏళ్ళు గడిపారు.

గీతలక్క తన డబ్బా మూత తీసి, ఆమె డబ్బా మూత కూడా తీసింది.

"రేపు ఒక పూట సెలవు అడుగు" అంది. "నేనూ వస్తాను."

వదిన ముద్ద కలిపి, నోట్లో పెట్టుకోకుండా కూర్చుంది. "ముందు రక్తం లాగుతారటగా?"

"చెంచాడే" అంది గీతలక్క.